‘నా వల్ల కాదండీ’ అనేవాడు కావలెను

గోదావరి జిల్లాల మర్యాద గురించి లోకం గొప్పగా చెప్పుకుంటుంది. కొత్తల్లుడి విస్తరి చుట్టూ వందరకాలు పేర్చి, ఫొటో తీసి పేపరుకి పంపిస్తాం. ఆ మర్యాద వల్ల షుగరు వస్తుందని డాక్టర్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటూనే ఉన్నారు. దానివల్ల హార్డ్ డిస్కులు కూడా పోతాయన్న సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరూ రాసిన పాపాన పోలేదు. ఆ లోటు తీర్చే భారం నామీద పడింది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ముందు పడింది డిస్కు, తర్వాత భారం.

కనుమనాడు కోడికూర భోజనాలయ్యాక ఇరవైమంది చుట్టాలం హాల్లో కూర్చుని నాన్నగారి షష్టిపూర్తి వీడియో చూస్తున్నాం. డిస్కు టీవీకి తగిలించి ఉంది. మా మేనల్లుడు ఫోన్ చార్జరనుకుని వైరు లాగాడు. వైరు వెనకాలే డిస్కు గచ్చుమీదికి దిగింది. పెద్ద చప్పుడేం కాలేదు, దోరజామకాయ రాలినట్టు రాలింది. తీసి మళ్లీ తగిలిస్తే టిక్... టిక్... టిక్... అని ఊరుకుంది.

మా మేనత్త గోడవంక చూసి, చూపుడువేలితో నేలమీద తట్టి, “సత్యం, సత్యం” అంది. బల్లి పలికిందనుకుందావిడ. సరిగ్గా ఆ క్షణానికి మా బావ “దానికేం కాలేదులే” అంటున్నాడు. బల్లి పలికితే ఆ నోట్లో ఉన్న మాట నిజమవుతుందని శాస్త్రం. ఆ శాస్త్రం హార్డ్ డిస్కులకి వర్తించదని తెలుసుకోవడానికి నాకు రెండు నెలలూ, అయిదంకెల సొమ్మూ పట్టాయి.

ఆ టిక్కుటిక్కు ఏమిటంటే, డిస్కులో అద్దాల్లా మెరిసే పళ్లేలు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటాయి. వాటిని చదివే హెడ్డు పళ్లేన్ని తగలకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతుంటుంది. తలవెంట్రుక మందం ఉజ్జాయింపుగా 80,000 నానోమీటర్లు. అంటే ఆ హెడ్డుకి మన తలవెంట్రుక ధవళేశ్వరం బ్యారేజీ అంత అడ్డం. పడ్డప్పుడు హెడ్డు దెబ్బతిందనుకోండి, తానెక్కడుందో చెప్పే గుర్తులు దానికి కనపడవు. వెనక్కొచ్చి మళ్లీ వెతుక్కుంటుంది, మళ్లీ వెనక్కొస్తుంది. పుష్కరాల్లో తప్పిపోయిన ముసలమ్మలాగ. అప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే: వైరు పీకేసి దాని జోలికి పోకుండా ఉండడం. దెబ్బతిన్న హెడ్డుతో తిప్పినకొద్దీ పళ్లెం గీసుకుపోతుంది. గీసుకుపోయినచోట ఉన్నదాన్ని బ్రహ్మదేవుడు కూడా తిరిగి రాయలేడు.

అయితే కష్టంలో ఉన్నదాన్ని పలకరించకుండా పోవడం మా వంశంలో లేదు. బావ తన ల్యాప్‌టాప్‌కి పెట్టి పలకరించాడు. మేనల్లుడు పక్కింటి కంప్యూటర్‌కి పెట్టాడు. రావులపాలెం నుంచొచ్చిన పెద్దనాన్నగారు కారు స్టీరియోకి పెట్టించారు. ఎక్కడ పెట్టినా అది టిక్కుమంది, అందరూ “పలుకుతోంది, పలుకుతోంది” అని సంతోషించారు.

తర్వాత వైద్యం మొదలైంది. నీళ్లలో పడ్డ ఫోన్ని బియ్యంలో పెట్టాలని మావాళ్లందరికీ తెలుసు. ఇది నీళ్లలో పడలేదు కదా అంటే “పెడితే పోయేదేముందిరా” అంది అత్తయ్య. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తిచేసిందీ, మార్టేరు శాస్త్రవేత్తలు స్వర్ణ వంగడం తయారుచేసిందీ ఇందుకేనేమో, ఏ వస్తువు చెడినా పాతిపెట్టడానికి సరిపడా బియ్యం మా డెల్టాలో ఉన్నాయి. డిస్కు ఆ రాత్రి బియ్యం డబ్బాలో పడుకుంది. పొద్దున్న తీస్తే వైరు పెట్టే నోట్లో తవుడు.

రెండో వైద్యం ఫ్రీజరు. చల్లబడితే హెడ్డు కదులుతుందని మేనల్లుడు ఎక్కడో చదివాడు. మన గాలిలో చల్లటి మంచినీళ్లు పోసిన గ్లాసుకే ధారగా చెమట పడుతుంది. ఫ్రీజర్లోంచి తీసిన డిస్కు లోపల పళ్లేలకీ అదే చెమట పడితే, ఇక ఆ హెడ్డు తేలడం కాదు, ఈదాలి. మా డిస్కుని ఆ గండం నుంచి కాపాడింది సైన్సు కాదు. “బియ్యం డబ్బాలో పొర్లినదాన్ని నా ఫ్రిజ్‌లో పెట్టనివ్వను” అన్న మా ఆవిడ శుభ్రత.

మధ్యలో ఇంకోమాట, గోదావరి మధ్య లంకల్లో ఉండేవాళ్ల కోసం. 2022 జూలై వరద తర్వాత మా చుట్టం ఒకాయన మునిగిన డిస్కుని అరుగుమీద వడియాల పక్కన మూడురోజులు ఎండబెట్టాడు. వడియాలు బాగానే వచ్చాయి. వరదనీళ్లలో తడిసిన డిస్కుని ఎండబెట్టకూడదు, కరెంటూ ఇవ్వకూడదు. లోపల ఒండ్రు ఎండి పళ్లేనికి అతుక్కుంటే ఊడదీయడం మహాకష్టం. తడి ఆరకుండా ప్లాస్టిక్ కవర్లో మూతికట్టి, అలాగే పంపించమంటారు తెలిసినవాళ్లు. మనకేమో ఒండ్రంటే బంగారం పండించేదని గౌరవం.

సరే, మా ఇంటి వైద్యుల చేతులెత్తే కార్యక్రమం ముగిశాక డిస్కుని టౌన్లో కొట్టుకి తీసుకెళ్లాం. ‘సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు, సీసీ కెమెరాలు, ఆధార్, జెరాక్సు, డేటా రికవరీ’ అని బోర్డు. ఎందుకక్కడికే అంటే, ఆ కుర్రాడు మా తోడల్లుడి పిన్నిగారి ఊరు. సంబంధం చూడ్డానికి ఇంతకన్నా ఏం కావాలి?

“కూర్చోండి బాబాయ్‌గారూ, టీ చెప్పనా?” అన్నాడు. డిస్కు చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“అవుద్దంటావా?” అన్నాను.

“చూద్దారండి.”

ఇక్కడ బయటివాళ్ల కోసం కొంచెం వ్యాకరణం చెప్పాలి. మా వైపు ‘కాదు’ అనే మాట నిఘంటువులో ఉంది, వాడుకలో లేదు. ‘చూద్దారండి’ అంటే నాకు తెలీదు. ‘అదెంత పనండీ’ అంటే ఇంతవరకూ చెయ్యలేదు. ‘రేపోసారి కనపడండి’ అంటే చెడిపోయింది. ‘తవరడగడమూ, నేను లేదనడమూనా?’ అన్నాడంటే అసలా వస్తువు ఇప్పుడు అతని దగ్గర లేదు. ఈ పరిభాష మొత్తం తెలిసి కూడా, ఆ టీ గ్లాసు చేతిలో పడగానే నేను మర్చిపోయాను.

అతను ముందు “సాఫ్ట్‌వేర్ వేద్దారండి” అన్నాడు. పొరపాటున చెరిపేసిన ఫొటోలకి సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది, అదీ వాటిమీద కొత్తవి ఎక్కించకుండా ఉంటే. హెడ్డు విరిగినదానికి సాఫ్ట్‌వేర్ వెయ్యడం కాలు విరిగినవాడికి కళ్లజోడు పెట్టడం. అది కుదరక “బోర్డు మారుద్దారండి, సేమ్ మోడల్ నాదగ్గరుంది” అన్నాడు. బోర్డంటే డిస్కు అడుగున ఉండే పచ్చటి సర్క్యూట్ పలక; దానిమీద చిన్న చిప్పులో ఆ డిస్కు సొంత కొలతలు రాసుంటాయి. ఒకరి కట్టుడుపళ్లు ఇంకొకరికి పెడితే దవడకి నప్పుతుందా? అదీ కాకపోయేసరికి నక్షత్రంలాంటి మూతి ఉన్న స్క్రూడ్రైవర్ తీశాడు. “ఓపెన్ చేస్తే తెలిసిపోద్దండి.”

డిస్కు మూత తెరవడానికి క్లాస్ 100 గది కావాలి. అంటే ఘనపుటడుగు గాలిలో అర మైక్రాన్, ఆపైన ఉన్న రేణువులు వందకి మించకూడదు. మా కుర్రాడి గదిలో వినాయకుడి పటానికి రెండు అగరొత్తులు, నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను, పక్క బండిమీద మిరపకాయ బజ్జీల నూనెపొగ, ఎదురుగా ధాన్యం ట్రాక్టరు లేపిన దుమ్ము. డిస్కు మీద చిల్లు చుట్టూ ‘ఈ రంధ్రాన్ని మూయరాదు’ అని కంపెనీవాడు రాసి, లోపల వడపోత పెట్టాడు, గాలి తప్ప ఏదీ పోకూడదని. మేం మొత్తం మూతే తీస్తున్నాం. మూడు మరలు వచ్చాయి. నాలుగోది తిప్పుతుండగా కరెంటు పోయింది.

జీవితంలో మొదటిసారి కరెంటు పోయినందుకు దండం పెట్టాను. చీకట్లో నాకు వెలుగు కనిపించింది. క్రితం శ్రావణంలో మా బావతో యానాం వెళ్లి పులస కొన్న సంగతి గుర్తొచ్చింది. పుస్తెలమ్మయినా పులస తినాలంటారు గానీ, పుస్తెలమ్మేముందు మా బావ అడిగే ప్రశ్నలు ఎవరూ చెప్పరు. ఇది ఏటికెదురీదిన పులసేనా, సముద్రంలో పట్టి తెచ్చిన ఇలసా? ఎవరి పడవ? ఎన్నింటికి పట్టారు? ఐసులో ఎంతసేపుంది? మొప్ప ఎత్తి చూపించు. అరగంట గడిస్తే గానీ జేబులో చెయ్యి పెట్టడు. అదే మనిషి ఇరవయ్యేళ్ల ఫొటోలున్న డిస్కుని ఇస్తూ అడిగింది ఒకే ఒక్కటి: “ఎంతవుద్దబ్బాయ్?”

ఆ రాత్రి బావని కూర్చోబెట్టి, “ఇది డిస్కు కాదు బావా, పులసనుకో” అన్నాను. మనిషి మారిపోయాడు. హైదరాబాద్, విశాఖపట్నం, చెన్నై అన్నీ ఫోన్లోనే రేవులైపోయాయి. మీ దగ్గరే తెరుస్తారా, డబ్బాలో పెట్టి ఇంకో ఊరు పంపుతారా? (బోర్డులున్న చాలామంది పోస్టాఫీసులే అని తేలింది.) గది మొప్పలు చూపిస్తారా? ముందు డిస్కు మొత్తానికి నకలు తీసి ఆ నకలు మీద పనిచేస్తారా, అసలుదాన్నే కెలుకుతారా? ఏమీ రాకపోతే మేమెంతిచ్చుకోవాలి? వచ్చిన ఫైళ్ల జాబితా చూపించాక డబ్బా, ముందా? మా పొలం కాగితాలు, ఆధార్లు అందులో ఉన్నాయి, మీ కుర్రాళ్లు చూడకుండా రాతపూర్వకంగా ఏమిస్తారు? ఒకాయన “నూటికి నూరుపాళ్లు గ్యారంటీ సార్” అన్నాడు. బావ ఫోన్ పెట్టేశాడు. “ఇది ఇలసే” అన్నాడు.

చివరికి హైదరాబాద్‌లో ఒకాయన దొరికాడు. “పడ్డాక ఎన్నిసార్లు కరెంటిచ్చారు?” అన్నాడు. చుట్టాల్ని లెక్కపెట్టి చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. “మూత తీశారా?” మూడు మరల సంగతి చెప్పాను. “ఇక ముట్టుకోకండి. వస్తుందో రాదో చూస్తే గానీ చెప్పను. పళ్లెం గీసుకుపోయుంటే నా వల్ల కాదు” అని పెట్టేశాడు. టీ లేదు, కుశలప్రశ్న లేదు, ఒక్క ‘అండీ’ లేదు.

“మనిషికి బొత్తిగా మర్యాద లేదు” అన్నాడు బావ.

“వీడే మనవాడు” అన్నాను.

చుట్టూ రెండంగుళాల స్పాంజి పెట్టి ప్యాక్ చెయ్యమన్నాడాయన. ఆ విషయంలో మాకెవరూ చెప్పక్కర్లేదు, ఆత్రేయపురం పూతరేకుని విరక్కుండా అమెరికా పంపే జాతి మాది. పూతరేకుల అట్టపెట్టెలోనే పంపించాం. వారం తర్వాత ఫోన్ చేసి, హెడ్లు మార్చాలి, దానికి ఇంకో డిస్కుని బలివ్వాలి, మోడల్ కలిస్తే చాలదు, లోపలి వివరాలూ కలవాలి, వెతకడానికి టైమ్ పడుతుంది అన్నాడు. మా అత్తయ్యకి అంతసేపటికి ఈ శాస్త్రం ఒంటబట్టింది. “పొంతన చూడాలన్నమాట” అంది.

పొంతన కుదిరింది. జాబితా వచ్చింది. షష్టిపూర్తి వీడియో దండలు మార్చుకునేవరకూ ఉంది, తర్వాత లేదు. 2015 పుష్కరాల ఫొటోలు చాలావరకు వచ్చాయి. కోటిపల్లి రేవులో నాయనమ్మ ఫొటో ఒకటుంది, అదే ఆవిడ ఆఖరి ఫొటో. తెరిస్తే పై సగం రేవు, జనం, నల్ల గొడుగు. కింది సగం బూడిదరంగు గీతలు. ఆ గీత సరిగ్గా నాయనమ్మ గెడ్డం కింద ఆగిపోయింది. మెళ్లోకంటా నీళ్లలో నిలబడినట్టుంది. మా ఆవిడ ఆ ఫొటోని అలాగే ప్రింటు తీయించి ఫ్రేము కట్టించింది.

మొన్న కొట్టు కుర్రాడు ఫోన్ చేశాడు.

“వచ్చేసిందంటగదండీ బాబాయ్‌గారూ! చెప్పానా, డిస్కు మంచిదేనని.”

“చెప్పావురా అబ్బాయ్.”

కొంచెం గొంతు తగ్గించాడు. “మా అక్క పెళ్లి డిస్కు కూడా నిన్నట్నుంచి టిక్కుటిక్కుమంటోందండి. ఆ మర్యాద లేనాయన నంబరు కాస్త పంపుతారా?”

“అదేంట్రా, నువ్వే ఓపెన్ చెయ్యొచ్చుగా?”

“అబ్బెబ్బే,” అన్నాడు. “ఇది మా సొంతది కదండీ.”