ఓట్లు చీలబట్టే లింకన్ గెలిచాడా?

అమెరికా 1860 అధ్యక్ష ఎన్నిక ప్రస్తావన వస్తే చాలు, ఒక వాదన తయారుగా ఉంటుంది: "లింకన్‌కు నూటికి 40 ఓట్లు కూడా రాలేదు. ప్రత్యర్థులు ముగ్గురై ఓట్లు చీల్చుకోబట్టి గట్టెక్కాడు. డెమొక్రాట్లు ఒక్కటిగా ఉంటే ఆయన గెలిచేవాడు కాదు, అంతర్యుద్ధమూ వచ్చేది కాదు." మన ఎన్నికల విశ్లేషణలు విని విని ఉన్నవారికి ఇది వెంటనే నచ్చుతుంది. కానీ ఇందులో మొదటి వాక్యం ఒక్కటే నిజం.

అధ్యక్షుణ్ణి తేల్చేవి ఎలక్టోరల్ ఓట్లు, అంటే రాష్ట్రాల తరఫున ఎలక్టర్లనే ప్రతినిధులు వేసే ఓట్లు. సాధారణంగా ఒక రాష్ట్రంలో ఎక్కువ ప్రజా ఓట్లు వచ్చినవారికే ఆ రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ దక్కుతాయి. అప్పట్లో అవి మొత్తం 303, కావలసినవి 152, లింకన్‌కు వచ్చినవి 180. ముగ్గురు ప్రత్యర్థులు డగ్లస్ (ఉత్తరాది డెమొక్రాట్), బ్రెకిన్‌రిడ్జ్ (దక్షిణాది డెమొక్రాట్), బెల్ (మరో పార్టీ) ఓట్లను ప్రతి రాష్ట్రంలోనూ ఒకే ఖాతాలో వేయండి. కాలిఫోర్నియాలో 4, ఓరెగాన్‌లో 3, న్యూజెర్సీలో ఆయనకు దక్కిన 4 చేజారతాయి. అయినా 169 మిగులుతాయి. తక్కిన 15 రాష్ట్రాల్లో ఆయనకు సగానికి మించి ఓట్లు పడ్డాయి మరి. 35 ఎలక్టోరల్ ఓట్లున్న న్యూయార్క్‌లో ప్రత్యర్థులు నిజంగానే ఎలక్టర్ల ఉమ్మడి జాబితా నిలబెట్టారు. అక్కడ దాదాపు 50 వేల ఆధిక్యంతో లింకనే గెలిచాడు.

40 శాతం సంగతీ చూద్దాం. అప్పట్లో బ్యాలెట్లు పార్టీలే అచ్చువేసి పంచేవి. తొమ్మిది దక్షిణాది రాష్ట్రాల్లో లింకన్ బ్యాలెట్టే లేదు, అంటే ఆయనకు ఓటేసే వీలే లేదు. దక్షిణ కరోలినాలో ప్రజలకు ఓటే లేదు, ఎలక్టర్లను శాసనసభ ఎన్నుకుంది.

ఇక "ఒక్కటిగా ఉంటే" అన్న మాట. డెమొక్రాట్లు టికెట్ల కోసం కొట్లాడుకుని విడిపోలేదు. ఏప్రిల్‌లో చార్లెస్టన్ మహాసభలో, ఇంకా రాష్ట్రాలు కాని కొత్త భూభాగాల్లో బానిసత్వానికి రక్షణ కల్పిస్తామని పార్టీ ప్రకటించాలని దక్షిణాది ప్రతినిధులు పట్టుబట్టారు. ఉత్తరాదివారు ఒప్పుకోలేదు, దక్షిణాదివారు లేచి వెళ్లిపోయారు. దేశాన్ని చీల్చిన తగాదాయే ముందు ఆ పార్టీని చీల్చింది.

యుద్ధం తప్పేదనడం అన్నింటికన్నా బలహీనమైన వాదన. బానిసత్వం ఇప్పటికే ఉన్నచోట దాని జోలికి వెళ్లం, కొత్త భూభాగాలకు పాకనివ్వం అన్నదే లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ల హామీ. అయినా లింకన్ ప్రమాణస్వీకారం దాకా కూడా ఆగకుండా, 1860 డిసెంబరు 20నే దక్షిణ కరోలినా యూనియన్ (అమెరికా సమాఖ్య) నుంచి వైదొలగింది. కారణం బానిసత్వమేనని తన ప్రకటనలోనే రాసుకుంది. బానిసత్వం ఉన్న 15 రాష్ట్రాల నుంచి ఒక్క ఎలక్టోరల్ ఓటు లేకపోయినా అధ్యక్షుడు కావచ్చని ఆ నవంబరులో తేలిపోయింది. దక్షిణాది నాయకులను బెదరగొట్టింది అదే. ముగ్గురూ ఏకమై లింకన్‌ను 169కి దించి ఉన్నా, వారి భయం ఇసుమంతైనా తగ్గేది కాదు.