మూడంతస్తుల కేకు

మా అన్నయ్య సివిల్ ఇంజనీరు. ఇంట్లో ఏది పగిలినా కారణం చెప్పే హక్కు తనదేనని అన్నయ్యకో గట్టి నమ్మకం. అందుకే, నాన్న పుట్టినరోజుకని వదిన ఓటీజీలోంచి, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లోంచి, దించిన మొదటి కేకు నడినెత్తిన నెర్రెలిచ్చి కనబడగానే, చదువుతున్న పేపరు పక్కన పడేసి వచ్చి, కళ్లజోడు సర్దుకుని, "స్ట్రక్చరల్ క్రాక్ కాదు, సర్ఫేస్ క్రాకే. భయం లేదు" అని సర్టిఫికెట్ ఇచ్చేశాడు.

వదినకి ఒళ్లు మండింది. అసలే బెజవాడ, ఆపైన మే నెల. ఓటీజీ లోపల 180 డిగ్రీలు, దాని ముందు నిలబడ్డ మనిషికి ఇంచుమించు అంతే.

అన్నయ్య చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. చిన్న ఓటీజీలో పై కాయిల్ కేకు నెత్తికి బెత్తెడు దూరంలోనే ఉంటుంది. పైపొర ముందే గట్టిపడిపోతుంది. లోపల పిండి మాత్రం ఇంకా పొంగుతూనే ఉంటుంది. ఎటు పోతుంది పాపం, కప్పు చీల్చుకుని వస్తుంది. వేడి 160కి తగ్గించి, టిన్ను కింది అరలో పెట్టి, కాస్త ఎక్కువసేపు కాలనిస్తే ఈ గొడవుండదు. వదినకి ఇదంతా తెలుసు. అందుకే రెండో కేకుకి వేడి తగ్గించడమే కాక, పాత తువ్వాలు చింపి, తడిపి, నీళ్లు పిండేసి, టిన్ను చుట్టూ పట్టీలా కట్టింది. అంచులు తొందరపడకుండా నడిమి భాగంతో పాటే లేస్తాయని.

నాయనమ్మ తొంగి చూసి, "ఏమ్మా అమ్మాయ్, దానికి జ్వరమొచ్చిందా, తడిగుడ్డ వేశావు?" అంది.

రెండోది చదునుగా వచ్చింది. అన్నయ్య ఊరుకుంటాడా, షెడ్డులోంచి రసమట్టం తెచ్చి కేకు మీద పెట్టాడు. బుడగ గీతల మధ్య ఆగింది. వదిన మొదటిసారి నవ్వింది. రసమట్టం తీసేటప్పుడు దానితోపాటు పైపొర కూడా లేచి వచ్చింది. అప్పుడు నవ్వు ఆపేసింది.

చిక్కంతా ఇక్కడే మొదలైంది. నాయనమ్మ కోసం గుడ్డు వెయ్యలేదు. పెరుగూ సోడాలతో చేసిన కేకు వేడిమీద ముట్టుకుంటేనే పొడిపొడి అవుతుంది, పట్టి ఉంచే గుడ్డు లేదు కాబట్టి. పది నిమిషాలు టిన్నులోనే ఉంచి, ఆ తర్వాత జాలీ మీదకి బోర్లించి, పూర్తిగా చల్లారాక క్లింగ్ ఫిల్ము చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున్నే రంపపు పళ్ల బ్రెడ్డు కత్తితో కోస్తే పొర పొరలా వస్తుంది. వదిన ప్లాను అదే. మా ఇంట్లో చల్లారేదాకా దేన్నైనా ఎవరు బతకనిచ్చారు గనక? పిల్లలు అంచులు గిల్లారు. అమ్మ ఉడికిందో లేదోనని వేలితో నొక్కింది. ఇంతలో కరెంటు పోయింది. ఇక ఫ్రిజ్ ఎప్పుడు చల్లబడాలి, కేకు ఎప్పుడు గట్టిపడాలి అని అన్నయ్య అప్పటికప్పుడే కోసేశాడు. కూరలు తరిగే కత్తితో! సగం పొర చేతికొచ్చింది, సగం బల్ల మీద రాలింది.

నెర్రెలిచ్చిన కేకు నెత్తి గొరిగి అడుగున పెట్టింది వదిన. క్రీము కింద ఎవడికి కనబడుతుంది? సమానంగా పంచదారా నీళ్లూ మరిగించి చల్లార్చిన పాకం బ్రష్షుతో అద్దుదామనుకుని బ్రష్షు వెతకడానికి వెళ్లింది. అదే పొరపాటు.

"క్యూరింగా? నేను చేస్తాగా! శ్లాబుకైతే కనీసం 7 రోజులు నీళ్లు కట్టాలి తెలుసా" అంటూ అన్నయ్య గిన్నెడు పాకం కింది అంతస్తు మీదే కుమ్మరించాడు. పై రెండింటికీ చుక్క మిగల్లేదు.

క్రీము పులమబోతే రాలిన పొడంతా దాంట్లో కలిసి రవ్వరవ్వగా తేలింది. "ముందు ప్రైమర్ కొట్టాలే!" అన్నాడు అన్నయ్య. దిక్కుమాలిన విషయమేమిటంటే, అదీ నిజమే. పల్చగా ఒక పూత పూసి, ఓ అరగంట చలికి పెట్టి, పొడి అందులో ఇరుక్కున్నాక అసలు పూత వెయ్యాలి. కరెంటొచ్చాక వదిన పళ్లు కొరుకుతూ అలాగే చేసింది. తెల్లగా, నున్నగా తేలింది. ఒకవైపుకి కొంచెం ఒరిగిందంతే.

ఎత్తు కేకులకి బేకరీవాళ్లు లోపల పుల్లలు గుచ్చుతారని అన్నయ్య ఎక్కడో విన్నాడు. కొత్త కొబ్బరి చీపురు విప్పి, నాలుగు పుల్లలు కడిగి, సరిగ్గా కొలిచి దింపాడు.

"చీపురుపుల్లలా! తినే వస్తువులోనా! వీడి చదువు తగలెయ్య!" నాయనమ్మ కేక వీధి చివరిదాకా వినబడింది.

సాయంత్రం బంధువులందరి ముందూ నాన్న కత్తి దింపాడు. కత్తి పుల్లకి తగిలి పక్కకి జారింది. పై అంతస్తు మెల్లగా, ఎవరికీ తొందర లేనట్టు కదిలి, ప్లేటు దాటి నాన్న పట్టుపంచె మీద కూర్చుంది.

మా నాన్న మున్సిపల్ ఆఫీసులో ముప్పై ఏళ్లకి పైగా ఇళ్ల ప్లాన్లు చూసి రిటైరైన మనిషి. ఒళ్లో ఉన్నదాన్ని ఓసారి, ప్లేట్లో మిగిలినదాన్ని ఓసారి పరిశీలనగా చూశాడు.

"మూడో అంతస్తుకి పర్మిషన్ ఎవడిచ్చాడ్రా?"

"మీ అబ్బాయినే అడగండి మావయ్యా" అంటూ వదిన అందరికీ చెంచాలు పంచింది.