మీటరు ఒక్కటే చాలదు

ఇంట్లో నీళ్ల లీకేజీ ఉందో లేదో నీళ్ల మీటరు చూసి తేల్చుకోమని ఒక వ్యాసంలో రాశారు. సంపు, పైన ట్యాంకు ఉన్న ఇళ్లలో మీటరు సంపులోకి వచ్చే నీళ్లనే లెక్కిస్తుంది, పైనుంచి కిందికి కారేవి దానికి పట్టవు. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో కర్ర నిలువుగా ముంచి తడి ఎంతవరకు వచ్చిందో గీత పెట్టండి. పొద్దున్నే, మోటారు వేయకముందు, మళ్లీ చూడండి. 110 సెం.మీ. వ్యాసం గల గుండ్రటి ట్యాంకులో ఒక్క సెంటీమీటరు తగ్గితే సుమారు 9.5 లీటర్లు పోయినట్టే. మర్నాటి రాత్రి ట్యాంకు కింది గేటువాల్వు కట్టేసి చూడండి. అప్పుడు తగ్గకపోతే తప్పు ట్యాంకు నుంచి దిగే పైపులైనులోనో ఫ్లష్‌లోనో ఉంది.

పైపు కోసం గోడ పగలగొట్టే ముందు ఫ్లష్ చూడండి, దయచేసి. ఫ్లష్ ట్యాంకులో బట్టల నీలం నాలుగు చుక్కలు వేసి అరగంట ఎవరూ నొక్కకుండా ఉంచండి. కమోడ్‌లో నీలిచార కనిపిస్తే, నీళ్లు పైనుంచి పొంగి రావడం లేదంటే, అడుగు వాషరు పోయినట్టే. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని అది గట్టిపడుతుంది, సరిగా కూర్చోదు. నీళ్లు సన్నగా జారుతుంటే, ఫ్లోటు (నీళ్లు నిండగానే రాకను ఆపే తేలే బంతి) ఎత్తుగా ఉండి ఓవర్‌ఫ్లో గొట్టంలోకి పొంగుతోందేమో చూడండి. నీటి మట్టం ఆ గొట్టం అంచుకు అంగుళం కిందే ఉండాలి.

గోడ చెమ్మ బాత్‌రూమ్ రెండు రోజులు వాడకపోతే తగ్గుతుందా? అయితే అనుమానం నహానీ ట్రాప్ (బాత్‌రూమ్ నేలలో నీళ్లు పోయే జాలీ గుంట) మీద, టైల్స్ సందుల మీద. నీళ్ల లైను మీద కాదు.