టెస్టులన్నీ పాసయ్యాయి, భాష వచ్చినట్టేనా?

మైనస్ 7ను 2తో పూర్ణాంకాలుగా భాగిస్తే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మైనస్ 4 ఇస్తుంది, జావా అనే మరో భాష మైనస్ 3 ఇస్తుంది. ఎవరి నియమం ప్రకారం వాళ్లు సరే. పైథాన్ ఎప్పుడూ కిందనున్న పూర్ణాంకానికి దిగుతుంది. జావా దశాంశ భాగాన్ని కత్తిరించి సున్నా వైపు జరుగుతుంది. ఏళ్ల తరబడి జావా రాసి పైథాన్‌కు మారిన కొత్తలో నాకీ సంగతి తెలియదు. ప్రాక్టీస్ సైట్‌లో ఒక లెక్క చేసి సబ్మిట్ కొడితే, సైట్ రకరకాల ఇన్‌పుట్‌లతో పెట్టే టెస్టుల్లో మొదటివి దాటి మధ్యలో ఎక్కడో 'రాంగ్ ఆన్సర్' అని ఎర్రగా వచ్చింది. జావాలో పొరపాటు లేకుండా నడిచిన తర్కమే అది. గంటన్నర కూర్చుని, కాగితం మీద అంకెలు వేసుకుంటూ పోతే తప్పు రుణ సంఖ్య దగ్గర దొరికింది. ఆ రోజుల్లో మొదటి ప్రయత్నంలోనే పాసైన లెక్కలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఇప్పుడు గుర్తు లేదు. మైనస్ 7 మాత్రం గుర్తుంది.

ఆన్‌లైన్‌లో కోడింగ్ లెక్కలు చేస్తే ప్రోగ్రామింగ్ భాష వస్తుందా అని ఎవరైనా అడిగితే నా జవాబు ఈ అనుభవం నుంచే వస్తుంది. తప్పకుండా వస్తుంది. అయితే అది వచ్చేది లెక్క తప్పిన చోట, ఆ తప్పును మనమే వెతికి పట్టుకున్నప్పుడు. సైట్లు పైకి చూపించేది మాత్రం పాసైనవాటి లెక్క. ఎన్ని చేశారు, వరసగా ఎన్ని రోజులు చేశారు, ర్యాంకు ఎంత. నేర్చుకునేవాళ్లు ఆ అంకెల వెంట పడతారు. మూడు వందల లెక్కలు పూర్తిచేసి, ఒక ఫైలు తెరిచి అందులోని వరసలు చదవమంటే తడబడేవాళ్లను నేను చూశాను. వాళ్లు కష్టపడలేదని కాదు, రోజూ గంటల తరబడి కూర్చున్నవాళ్లే. వాళ్ల చేతికిచ్చిన కొలబద్దే వేరేదాన్ని కొలుస్తోంది.

అలా ఎందుకైందో ఈ సైట్ల పుట్టుకలో కనిపిస్తుంది. విశ్వవిద్యాలయ జట్లు తలపడే ఐసీపీసీ పోటీల మూలాలు 1970 నాటివి. స్పెయిన్‌లోని వయ్యదోలిద్ విశ్వవిద్యాలయం నడిపిన యూవీఏ జడ్జి అనే సైట్ 1990లలో ఆ తరహా లెక్కలను వెబ్‌లో అందరి ముందుకూ తెచ్చింది. 2010లో వచ్చిన కోడ్‌ఫోర్సెస్‌ది కూడా పోటీల దారే. పోటీలో జడ్జికి, అంటే జవాబులను సరిచూసే సాఫ్ట్‌వేర్‌కు, ప్రోగ్రామ్ ఒక మూసిన పెట్టె. ఇన్‌పుట్ ఇస్తుంది, వచ్చిన అవుట్‌పుట్‌ను పోల్చుతుంది, ఎంత సమయం, ఎంత మెమరీ పట్టాయో చూస్తుంది. పెట్టెలో ఏముందో చూడదు. విజేతను తేల్చడానికి అంత చాలు. భాష నేర్చుకునేవాళ్లకు కావాల్సింది మాత్రం ఆ పెట్టెలో ఉన్నదే.

ఒక పేరాలో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో చెప్పమనే చిన్న లెక్క తీసుకోండి. ఒకరు ఇండెక్స్ పెట్టి లూప్ తిప్పి, డిక్షనరీలో (ఒక్కో పదానికి ఒక్కో విలువను జతచేసి దాచే పట్టికలో) పదం ఉందా లేదా అని ప్రతిసారీ ఇఫ్‌తో అడిగి, లేకపోతే 1 పెట్టి, ఉంటే 1 కలిపి రాస్తారు. ఇంకొకరు పైథాన్‌తో పాటే వచ్చే కౌంటర్ అనే లెక్కించే సాధనాన్ని పిలిచి ఒక్క వరసలో ముగిస్తారు. జడ్జి ఇద్దరికీ ఒకే పచ్చ టిక్కు ఇస్తుంది. మొదటివారు రాసింది పైథాన్ లిపిలో జావా. వాళ్లకు ఆ మాట ఎవరూ చెప్పరు. అందుకే భాష కోసమే సాధన చేసేవాళ్లకు నేను వేరే తరహా సైట్లు సూచిస్తాను. కోడ్‌వార్స్‌లో లెక్క పూర్తికాగానే అదే లెక్కను మిగతావాళ్లు ఎలా చేశారో చూడొచ్చు. 2013లో మొదలైన ఎక్సర్సిజమ్‌లో ప్రతి భాషకూ విడి బాట ఉంటుంది, కోరితే స్వచ్ఛంద మెంటర్లు మన కోడ్ చదివి వ్యాఖ్య రాస్తారు. ఒక మనిషి మన కోడ్ చదివి 'ఇక్కడ లూప్ ఎందుకు పెట్టారు?' అని అడిగితే దొరికే పాఠం వంద టిక్కుల్లో దొరకదు.

పోటీ లెక్కలు దండగని నేననను. లక్ష అంకెల జాబితాలో ఏ రెండు కలిపితే ఫలానా మొత్తం వస్తుందో కనుక్కోమంటారు. లూప్‌లో లూప్ పెట్టి ప్రతి జతనూ సరిచూస్తే దాదాపు 500 కోట్ల జతలు అవుతాయి, టైమ్ లిమిట్ దాటిపోతుంది. చూసిన అంకెలను డిక్షనరీలో దాచుకుంటూ వెళ్తే జాబితాను ఒక్కసారి చదివితే చాలు. డిక్షనరీ ఎందుకుందో ఆ దెబ్బతో అర్థమైనట్టు ఏ ఉపన్యాసంతోనూ కాదు. కాకపోతే లూపు, ఫంక్షను, లిస్టు, డిక్షనరీ తెలిస్తే ఇలాంటివి వందల కొద్దీ చేసేయొచ్చు. ఎక్సెప్షన్లు (నడుస్తుండగా వచ్చే లోపాలను పట్టుకోవడం), మాడ్యూళ్లు (కోడ్‌ను విడి ఫైళ్లుగా పంచుకోవడం), ఇతరులు రాసిన వేల వరసల కోడ్ చదవడం, వీటి అవసరమే రాదు. ఇవన్నీ భాషలో భాగాలే.

పచ్చ టిక్కుకున్న అర్థం కూడా చిన్నదే. ఇచ్చిన ఇన్‌పుట్‌లకు ప్రోగ్రామ్ పడిపోలేదు, అంతవరకే. జావా ప్రామాణిక లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో, అంటే వరస క్రమంలో ఉన్న జాబితాను సగాలు చేస్తూ వెతికే కోడ్‌లో, ఏళ్ల తరబడి దాగిన ఒక తప్పు గురించి ఆ లైబ్రరీ రచయితల్లో ఒకరైన జాషువా బ్లాక్ 2006లో రాశారు. మధ్య స్థానం కోసం రెండు చివరల ఇండెక్స్‌లను కూడి 2తో భాగించేవారు. ఆ కూడిక 2147483647 దాటితే, అంటే జావా పూర్ణాంకానికి ఇచ్చే 32 బిట్లలో పట్టకపోతే, ఫలితం రుణ సంఖ్యగా మారుతుంది. అందుకు జాబితాలో 100 కోట్లకు పైగా అంశాలుండాలి కాబట్టి ఎవరి టెస్టులకూ అది చిక్కలేదు. ఇందులో నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది మరొకటుంది. అదే కోడ్‌ను పైథాన్‌లో రాస్తే తప్పే కాదు, ఎందుకంటే అక్కడ పూర్ణాంకానికి పై హద్దు లేదు. తర్కం ఒకటే, భాష మారితే తప్పు మారిపోతుంది. ఒకే లెక్కను రెండు భాషల్లో చేయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

లెక్క రాకపోతే ఏం చేయాలి? చాలామంది పది నిమిషాలు చూసి పరిష్కారం తెరుస్తారు. చదివితే అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఆ భావనను నమ్మకూడదు. రోడిగర్, కార్పికీ అనే మనోవిజ్ఞాన పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు ఒక పాఠ్యభాగాన్ని రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75 శాతం. వారం తర్వాత అది తిరగబడింది. చదివినవాళ్లకు 42 శాతం, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 56 శాతం మిగిలింది. ప్రయోగం కోడ్ మీద చేసింది కాదు. అయినా పరిష్కారం చదివాక దాన్ని మూసేసి, మర్నాడు ఖాళీ పేజీ మీద మొదటి నుంచి రాయమని చెప్పడానికి నాకది బలమైన ఆధారం.

పూర్తిగా కొత్తవాళ్ల సంగతి వేరు. లూప్ అంటేనే తెలియని వ్యక్తిని కఠినమైన లెక్క ముందు కూర్చోబెట్టి తిప్పలు పడమనడం క్రూరత్వం. వాళ్లు మొదట చేసి చూపించిన ఉదాహరణలు చదవాలి, ఒక్కో వరస మార్చి ఏమవుతుందో చూడాలి. తప్పు నేర్పాలంటే, ఎక్కడ తప్పాడో గుర్తుపట్టేంత భాష ముందు ఉండాలి కదా.

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక నా ఆందోళన పెరిగింది. ఎర్ర అక్షరాలు రాగానే కోడ్ మొత్తాన్ని అందులో అతికిస్తే సరిచేసి ఇస్తుంది, అరనిమిషంలో టిక్కు పడుతుంది. నాకు మైనస్ 7ను నేర్పిన గంటన్నర అక్కడ మాయమవుతుంది. సహాయం అడగొద్దని చెప్పను. ముందు ఏ ఇన్‌పుట్‌కు పడిపోతోందో సొంతంగా కనుక్కుని, అప్పుడు అడగమంటాను.

నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఒక నోటుబుక్కు పెట్టుకోమని చెబుతాను. ఏ ఇన్‌పుట్‌కు పడిపోయింది, నేనేమనుకున్నాను, భాష నిజంగా ఏం చేసింది. ఒకమ్మాయి ఈమధ్య తనది చూపించింది. పైథాన్‌లో మూడు సున్నాల వరసను ఒక లిస్టులో పెట్టి, ఆ లిస్టును 3తో గుణించి గడులు తయారుచేసుకుందట. ఒక గడిలో 5 పెడితే మూడు వరసల్లోనూ 5 కనిపించింది. పేజీలో మూడు పేర్లు రాసి, మూడింటి నుంచి బాణాలు గీసింది. అన్నీ ఒకే పెట్టె మీదికి వచ్చి ఆగాయి. ఆ లెక్క ఇంకా పాస్ కాలేదు. కింద మర్నాటి తేదీ వేసి, వరసలు విడివిడిగా ఎలా చేయాలో మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది.