దోమల పన్నుకూ రాజ్యాంగ సవరణేనా?

అమెరికాలోని అలబామా రాష్ట్ర 1901 నాటి రాజ్యాంగంలో 351వ సవరణ మొబైల్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) దోమల నివారణ పన్ను కోసమే ఉండేదంటే చాలామంది నవ్వి వదిలేస్తున్నారు, నాకైతే కోపం వస్తోంది. 1901లో ఆ రాజ్యాంగం రాసినవాళ్లు నల్లజాతివారి ఓటు హక్కు లాగేసుకోవడమే కాదు, కౌంటీలు పరిమితి దాటి సొంతంగా పన్ను వేసుకోవడానికి కూడా వీల్లేకుండా పగ్గాలన్నీ రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీ చేతిలో పెట్టారు. అందుకే 2022లో దాన్ని క్రమబద్ధీకరించి కొత్త రూపంలో తెచ్చే నాటికి సవరణలు 900 దాటాయి, వాటిలో ఎక్కువ భాగం ఏదో ఒక కౌంటీకో ఊరికో సంబంధించినవే! మొబైల్ తీరప్రాంతం, వానలు విపరీతం, ఎక్కడపడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి, పైగా దోమల వల్ల సోకే వెస్ట్ నైల్ వైరస్ టెన్షన్. మందు కొట్టడానికి, లార్వాలను చంపడానికి ఏటా డబ్బు కావాలి కదా. ఆ పన్ను కావాలో వద్దో అక్కడి జనం తేల్చుకుంటే చాలదా? అలబామాలో ఓటున్న మన తెలుగువాళ్లు బ్యాలెట్ చివర్లో ఉండే ఇలాంటి స్థానిక సవరణలను దయచేసి ఖాళీగా వదిలేయకండి, చదివి ఓటేయండి.