గుండె బిగువు తగ్గించే మాత్ర వచ్చింది.. కనిపెట్టి చూసే ఎకో ఏది?

గుండె కండరం మందమెక్కే వంశపారంపర్య జబ్బు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. దీనిలో రక్తం బయటికి పోయే దారికి అడ్డంకి ఉన్న రకానికి మావకామ్‌టెన్ అనే మాత్రను అమెరికా 2022 ఏప్రిల్‌లో అనుమతించింది. అదే కోవలో అఫికామ్‌టెన్ కూడా వచ్చింది. చర్చంతా ధర చుట్టూనే తిరుగుతోంది. మావకామ్‌టెన్‌కు అమెరికాలో మొదట ఏడాదికి 89,500 డాలర్లు పెట్టారు మరి. ధర ఎప్పటికైనా దిగుతుంది. నా బెంగ వేరు. రేపు ఆ మాత్ర రూపాయికే దొరికినా, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దాన్ని భద్రంగా వాడించే ఏర్పాటు మన చేతిలో లేదు.

ఈ జబ్బులో అవసరానికి మించి మయోసిన్ తలలు (కండరాన్ని లాగి బిగించే ప్రొటీన్ కొసలు) ఒకేసారి పనిలోకి దిగుతాయి. గుండె అతిగా బిగుసుకుంటుంది, వదులు కావాల్సినప్పుడు సరిగా కాదు. చాలామందిలో మిట్రల్ కవాటం రెక్క ముందుకు జరిగి, మందమెక్కిన గోడకు తగిలి, రక్తం బయటికి పోయే దారిని అడ్డుకుంటుంది. బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని తగ్గిస్తాయి, మూలాన్ని ముట్టుకోవు. కొత్త మాత్రలు ఆ తలల్లో కొన్నింటిని విశ్రాంతిలో ఉంచుతాయి. 251 మందిపై జరిగిన ఎక్స్‌ప్లోరర్ ట్రయల్‌లో వ్యాయామం తర్వాత కొలిచిన గ్రేడియంట్, అంటే అడ్డంకికి అటూ ఇటూ ఉన్న ఒత్తిడి తేడా, మాత్ర వాడినవారిలో సగటున 47 మిల్లీమీటర్లు (బీపీలా పాదరసం లెక్కలో) తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో తగ్గింది 10.

అయితే బిగువు తగ్గించే మందు మోతాదు మించితే గుండెనే నీరసింపజేస్తుంది. అందుకే ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఈఎఫ్, అంటే ఒక్కో కొట్టుకు గుండె బయటికి పంపే రక్తం వాటా) 55 శాతం కన్నా తక్కువుంటే మొదలుపెట్టరు, 50 లోపుకు పడితే ఆపేస్తారు. మామూలుగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 4, 8, 12 వారాలకు ఎకో (గుండె స్కానింగ్) తీసి మోతాదు సరిచేస్తారు. ఆ తర్వాత కూడా కొన్ని నెలలకోసారి ఎకో తప్పదు.

ఇంకో చిక్కు కాలేయంలో ఉంది. ఈ మందును కరిగించే ప్రధాన ఎంజైమ్ సీవైపీ2సీ19. అది చురుగ్గా ఉన్నవారిలో మందు సగానికి తగ్గడానికి 6 నుంచి 9 రోజులు పడితే, మందకొడిగా ఉన్నవారిలో 23 రోజులు పడుతుంది. ఆ మందకొడి జన్యువు మన దక్షిణాసియావాసుల్లో బాగా ఎక్కువ. యూరప్‌లో ముందే జన్యుపరీక్ష చేసి, అలాంటివారికి 2.5 మిల్లీగ్రాములతోనే మొదలుపెడతారు. తామరకు మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే ఫ్లూకోనజోల్ ఈ ఎంజైమ్‌నే గట్టిగా అడ్డుకుంటుంది. గ్యాస్‌కని రోజూ మింగే ఒమెప్రజోల్ కూడా కొంత అడ్డుకుంటుంది. మాత్ర రాసిన డాక్టరుకు ఈ సంగతి చెప్పేదెవరు?

ఇక అసలు కీలకం ఎకో గదిలో ఉంది. రోగి కదలకుండా పడుకున్నప్పుడు గ్రేడియంట్ 12 కనిపించవచ్చు. ముక్కు మూసుకుని గట్టిగా ముక్కమంటే, లేదా లేచి నిలబెడితే, అదే 60 దాటవచ్చు. 30 దాటితే అడ్డంకి ఉన్నట్టు, 50 దాటి ఆయాసం కూడా ఉంటే చికిత్స పెంచాల్సినట్టు. ఆ వల్సాల్వా పరీక్ష చేయకుండా 'గోడ మందం, ఈఎఫ్ 65, బీపీ వల్ల' అని రాసిస్తే రోగికి ఉన్న దారి అక్కడే మూసుకుపోతుంది. చేసినా జాగ్రత్త కావాలి. కవాటం నుంచి వెనక్కి కారే రక్తం వేగాన్ని పొరపాటున కొలిస్తే లేని అడ్డంకి కనిపిస్తుంది. అడ్డంకి తాలూకు డాప్లర్ గీత (ఎకోలో రక్తం వేగాన్ని చూపేది) ఆలస్యంగా శిఖరానికి చేరి బాకులా వంగుతుంది. ఆ తేడా పట్టడం చేతికి అలవాటు కావాలి.

తెలియకపోతే ఏమవుతుంది? ఈసీజీలో లోతుగా తలకిందులైన టీ వేవ్‌లు చూసి గుండెపోటనుకుంటారు. నాలుక కింద సార్బిట్రేట్ పెడతారు. రక్తనాళాలు వెడల్పై అడ్డంకి మరింత బిగుస్తుంది, బీపీ పడిపోతుంది. లాసిక్స్‌తో నీరు తీసేసినా అంతే. రోహిణి కార్తె ఎండలో కనిగిరి, పొదిలి వైపు పనిచేసి ఒళ్లెండిపోయిన మనిషికి ఏ మందూ అక్కర్లేకుండానే ఈ గతి పట్టవచ్చు.

'అరుదైన జబ్బుకింత హడావిడా, చవకైన బీటా బ్లాకర్ మెటోప్రొలాల్ ఉండగా' అనేవాళ్లున్నారు. కొత్త మాత్రలు ఆకస్మిక మరణాన్ని ఆపుతాయని రుజువు లేదు, నిజమే. అడ్డంకి లేని రకంలో మావకామ్‌టెన్ 2025లో ఒడిస్సీ ట్రయల్‌లో నెగ్గలేదు, అదీ నిజమే. కానీ అదే ఏడాది వచ్చిన మేపుల్ ట్రయల్‌లో అఫికామ్‌టెన్ వాడినవారి వ్యాయామ సామర్థ్యం పెరిగింది, మెటోప్రొలాల్ ఒక్కదానిమీదే ఉన్నవారిది తగ్గింది. అరుదు అన్న మాట కూడా నిలవదు. 500 మందిలో ఒకరు అనేది ప్రపంచమంతా వాడే లెక్క. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జనాభా 63 లక్షలు. అంటే 12 వేలమందికి పైనే.

పైగా ఇది ఒక్కరితో ఆగే జబ్బు కాదు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ జన్యువు వచ్చే అవకాశం సగం. మేనరికంలో రెండువైపుల నుంచీ ఆ జన్యువు చెడ్డ ప్రతి అందితే పసితనంలోనే తీవ్రరూపం దాలుస్తుంది. ఒకరికి తేలగానే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు ఈసీజీ, ఎకో తీయాలి. మొదటిసారి బాగున్నా పిల్లలకు ఏడాది, రెండేళ్లకోసారి, పెద్దలకు మూడు నుంచి ఐదేళ్లకోసారి మళ్లీ చూడాలి.

ఇక్కడే మన ఆరోగ్య పథకాల తీరు అడ్డొస్తుంది. ఎన్టీఆర్ వైద్యసేవ ప్రధానంగా మంచం చుట్టూ అల్లిన పథకం. ఆస్పత్రిలో చేరితే, కోత పడితే డబ్బు కదులుతుంది. రోగిని మంచం ఎక్కకుండా కాపాడే ఓపీ ఎకోకు, నెలనెలా మాత్రకు ఆ ధీమా లేదు. వాలర్ ట్రయల్ చూడండి. ఆపరేషన్ స్థాయికి చేరిన 112 మందిని తీసుకున్నారు. 16 వారాల తర్వాత ఆపరేషన్‌కు వెళ్లినవారు, ఇంకా దానికి అర్హులుగా మిగిలినవారు కలిపి ఉత్తుత్తి మాత్రవారిలో 77 శాతం, మందు వాడినవారిలో 18 శాతం. షుగర్, బీపీ, కిడ్నీ జబ్బుల్లోనూ ఇదే కథ. కనిగిరి ప్రాంతంలో డయాలసిస్ దాకా వచ్చినవారికి దొరికే శ్రద్ధ, కిడ్నీ దెబ్బతింటోందని చెప్పే క్రియాటినిన్ అప్పుడే పెరగడం మొదలైనవారికి దొరకదు.

మాత్ర చవకయ్యేదాకా ఆగక్కర్లేదు. నెల్లూరు ఏసీఎస్ఆర్ వైద్య కళాశాల ఆస్పత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో వారానికి ఒకరోజు ఈ జబ్బుకే కేటాయించాలి. ఇందులో తర్ఫీదు పొందిన ఎకో టెక్నీషియన్ ఒకరు, కుటుంబం మొత్తానికి ఒకే కార్డు, ఓపీ ఎకోకు వైద్యసేవ చెల్లింపు కావాలి. గోడ మందం 15 మిల్లీమీటర్లు దాటిన ప్రతి రిపోర్టులో 'వల్సాల్వాతో గ్రేడియంట్' అనే గడి ఉండాలి. అది ఖాళీగా ఉంటే కింద డాక్టరు సంతకం పడకూడదు.