‘ప్రార్థనలో పెడతాను’ గారికి

‘ప్రార్థనలో పెడతాను బ్రదర్’ గారికి వందనాలు.

మీరు క్షేమమేనని తెలుసు. ఎక్కడికీ కదలనివాళ్లకు దెబ్బ తగిలేదెక్కడ?

మనది పాత స్నేహం. నా ఫోన్‌లో ‘ప్రా’ అని కొడితే చాలు, మిగతాదంతా మీరే వచ్చి కూర్చుంటారు. వెనకాలే జోడించిన చేతుల బొమ్మ. రెండు సెకన్లలో స్నేహధర్మం పూర్తి.

మొన్నామధ్య రాత్రి పదిన్నరకు ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అమ్మ ఐసీయూలో ఉంది అన్నా. రెండు రాత్రులుగా నిద్ర లేదు. కాసేపు రాగలవా?" అడిగింది రమ్మని. ప్రార్థన మాట అతనెత్తనే లేదు. నేను మిమ్మల్ని పంపించాను. జోడించిన చేతులు ఒకటి చాలవనిపించి మూడు పెట్టాను. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. ప్రార్థన కూడా చేయలేదు. ఆ సంగతి మీకు తెలుసు, ఎవరికీ చెప్పరు. అందుకే మీరంటే నాకంత ఇష్టం.

బైబిల్లో మాత్రం మీకు పలుకుబడి తక్కువే. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాత రోగిని నలుగురు యేసు దగ్గరికి మోసుకొచ్చారు. గుంపు అడ్డముంటే "ప్రభువు చిత్తం" అనుకుని ఇంటికి పోవచ్చు కదా! ఎవరిదో ఇంటి కప్పు ఊడదీసి పరుపుతో సహా దింపారు. (ఆ కప్పు మళ్లీ ఎవరు వేయించారో మార్కు రాయలేదు. నాకైతే ముందు ఆ ఖర్చే గుర్తొచ్చేది.) రోమ్‌లో అపొస్తలుడు పౌలు సంకెళ్లతో ఉంటే ఒనేసిఫోరు వెతుక్కుంటూ వెళ్లాడు, ఖైదీ స్నేహితుడని సిగ్గుపడకుండా.

సర్వం పోగొట్టుకున్న యోబు ఉన్నాడు కదా, అతని స్నేహితుల్ని అందరూ తిడతారు. కానీ వాళ్లు వచ్చారు. 7 పగళ్లు, 7 రాత్రులు అతనితో పాటు నేలమీద నోరు మెదపకుండా కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది. మనం నోటితో మొదలుపెట్టి నోటితోనే ముగిస్తాం.

మీ పూర్వీకుణ్ని యాకోబు తన పత్రికలో ఎప్పుడో పట్టుకున్నాడు. బట్టా తిండీ లేనివాళ్లను చేతిలో ఏమీ పెట్టకుండా "చలి కాచుకోండి, కడుపునిండా తినండి" అని సాగనంపే పెద్దమనిషి. ఆ ముక్కు అచ్చం మీ ముక్కే.

ప్రార్థన మీద నాకు ఫిర్యాదు లేదు. అది మోకాళ్లు నొప్పి పుట్టే పని. గెత్సేమనే తోటలో యేసు ప్రార్థిస్తుంటే ఒక్క గంట మెలకువగా ఉండలేక శిష్యులే నిద్రపోయారు. మీరు దాని పేరు పెట్టుకుని తిరుగుతారంతే.

వారం తర్వాత ఆ తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ ప్రార్థన వల్లే అమ్మ లేచి కూర్చుంది అన్నా." నేను తల వంచుకుని "దేవునికే మహిమ" అన్నాను. ఆ సమయానికి ఆ మాట కూడా మీ చుట్టంలాగే పనికొచ్చింది.

ఇది రాస్తుండగానే మళ్లీ మెసేజ్. రేపు డిశ్చార్జట. వాళ్ల ఇల్లు మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. అమ్మను కుర్చీలో పైకి మోయాలి. ముగ్గురు దొరికారట.

నా వేలు ‘ప్రా’ దాకా వెళ్లి ఆగింది.

ఇట్లు,
మీ పాత స్నేహితుడు